రాసేది మనమే.. కొనేదీ మనమేనా?

1955లో లండన్ నుంచి వెలువడే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం అచ్చయింది. దాని పేరు 'హైదరాబాద్-దక్కన్‌లోని నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్'. రాసింది డాక్టర్ ఏ.హెచ్. సిద్దిఖీ. బిగుసుకుపోయిన వెన్నెముకలు, ఒంగిన నడుములు, పట్టు తప్పిన కాళ్లు.. మన పల్లెల బావినీళ్లు మనుషుల బొక్కల్ని ఏం చేస్తున్నాయో లోకానికి చెప్పిన తొలినాటి వ్యాసాల్లో అదొకటి. రోగం నల్లగొండది. రోగులు నల్లగొండోళ్లు. వ్యాసం మాత్రం లండన్‌ది.

సంతోషించాల్సిన సంగతి ఏమంటే, ఆ వ్యాసాన్ని ఇవాళ ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోవచ్చు. ఆ జర్నల్ పాత సంచికలను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ వంటి సంస్థలు కలిసి స్కాన్ చేయించి, పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత భాండాగారంలో పెట్టాయి. నల్లగొండలో కూర్చున్న పిల్లగాడైనా ఫోన్‌లో తెరిచి చూడొచ్చు.

అదే జిల్లాకు చెందిన ఒక పీజీ విద్యార్థి ఆ మధ్య నాకు ఫోన్ చేసిండు. ప్రైవేటు కాలేజీలో చదువుతున్నడు. ప్రాజెక్టు కోసం ఫ్లోరైడ్ నీళ్ల మీదనే పని చేస్తున్నడు. "అన్నా, డెబ్బై ఏండ్ల కిందటి వ్యాసం ఫ్రీగ దొరికింది. మొన్నమొన్న రాసిన వ్యాసం నలభై డాలర్లు అడుగుతున్నది. రాసినోళ్లు చూస్తే మన దేశం సర్కారు జీతగాళ్లే" అన్నడు. నలభై డాలర్లంటే మన పైసల్లో మూడున్నర వేలు. హాస్టల్‌లో నెల మెస్ బిల్లంత. అదీ ఒక్క వ్యాసానికి. కొన్నంక గానీ అందులో తనకు పనికొచ్చే ముక్క ఉందో లేదో తెలియదు.

ఆ పిల్లగాడు అడిగిన ప్రశ్న ఒక్కటే. "మన పైసలతోని చేసిన పరిశోధనను మనం మళ్లెందుకు కొనుక్కోవాలె?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత మన మేధావుల మీద ఉన్నది. యూనివర్సిటీల మీద ఉన్నది. సర్కారు మీద అంతకన్నా ఎక్కువ ఉన్నది.

వెట్టికి కొత్త పేరు

పరిశోధక పత్రికల వ్యాపారం ఎట్ల నడుస్తదో బయటివాళ్లకు చెబితే నమ్మరు. ఒక శాస్త్రవేత్తకు జీతం ఇచ్చేది సర్కారు. ల్యాబ్ కట్టిచ్చేది సర్కారు. రసాయనాలు, యంత్రాలు, స్కాలర్ల ఫెలోషిప్ అన్నీ ప్రజల పన్నులే. ఏండ్ల తరబడి పని చేసి ఆయన ఒక వ్యాసం రాస్తడు. దాన్ని జర్నల్‌కు పంపుతడు. జర్నల్ ఆయనకు ఒక్క రూపాయి ఇయ్యదు. పైగా కాపీరైట్ మాకు రాసియ్యి అంటది. ఆయన సంతకం పెడ్తడు.

ఆ వ్యాసంలో సరుకు ఉందా లేదా అని తేల్చేదెవరు? జర్నల్ కంపెనీ కాదు. ఇంకో యూనివర్సిటీలో ఉన్న ప్రొఫెసర్లు. దీన్నే పీర్ రివ్యూ అంటరు. రాత్రిళ్లు కూర్చుని చదివి, తప్పులు పట్టి, నాలుగు పేజీల నివేదిక రాస్తరు. దానికీ దాదాపు ఎక్కడా కూలి లేదు. వాళ్ల జీతం కూడా ప్రజల సొమ్మే.

ఇదంతా అయినంక కంపెనీ ఆ వ్యాసాన్ని తాళం వేసి పెడుతుంది. తాళం తియ్యాలంటే అదే శాస్త్రవేత్త పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీ లక్షలు, కోట్లు పోసి చందా కట్టాలె. దొర పొలంలో వెట్టి చేసి, పండిన వడ్లను మళ్లీ ఆ దొర గడీ నుంచే నాగుకు తెచ్చుకున్న మన తాతల కాలం గుర్తుకు రావడం లేదా? అప్పుడు వెట్టి అన్నరు. ఇప్పుడు 'అకడమిక్ సర్వీస్' అంటున్నరు. పేరు మారింది గానీ పద్ధతి మారలేదు.

కంపెనీలకు ఖర్చులు ఉండవా అని అడిగేవాళ్లు ఉంటారు. ఉంటాయి. వచ్చిన వ్యాసాలను వడగట్టాలి. భాష సరిదిద్దాలి. పేజీలు తయారు చెయ్యాలి. సర్వర్లు నడపాలి. కాదనం. కానీ ఆ ఖర్చులు పోను మిగులుతున్నదెంతో చూద్దాం. ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద కంపెనీ ఎల్సెవియర్. దాని మాతృసంస్థ రెలెక్స్ లెక్కల ప్రకారం 2023లో ఈ శాస్త్ర విభాగం రాబడి 300 కోట్ల పౌండ్ల పైచిలుకు. అందులో నిర్వహణ లాభం సుమారు 38 శాతం. నూరు రూపాయల సరుకు అమ్మితే 38 రూపాయలు లాభం. ముడి సరుకు ఉచితంగా వచ్చి, తనిఖీ పని కూడా ఉచితంగా జరిగిపోతే లాభం ఎందుకు రాదు?

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2013 నాటికే ప్రపంచంలో అచ్చయ్యే పరిశోధన వ్యాసాల్లో సగానికి పైగా అయిదు పెద్ద ప్రచురణ సంస్థల చేతుల్లోకి పోయాయి. ఇదే గుత్తాధిపత్యం.

సంతలో బియ్యం ధర ఎక్కువైతే పక్క దుకాణానికి పోతం. జర్నళ్ల సంతలో పక్క దుకాణం లేదు. క్యాన్సర్ మీద ఈ వ్యాసం కావాలంటే ఈ వ్యాసమే కావాలి. ఇంకో వ్యాసం దానికి బదులు కాదు. ఈ బలహీనత కంపెనీలకు బాగా తెలుసు. 1990ల చివరి నుంచి అవి 'బిగ్ డీల్' అనే పద్ధతి పట్టుకున్నాయి. కేబుల్ టీవీ బొకే లెక్క. మీకు కావల్సినవి పది చానళ్లే అయినా నూరు చానళ్లకు కట్టాలె. ఒకటి వద్దంటే ధర తగ్గదు. పైగా ఏ యూనివర్సిటీ ఎంత కట్టిందో ఇంకో యూనివర్సిటీకి చెప్పకూడదని ఒప్పందంలోనే రాయించుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ప్రజాధనంతో కొన్న సరుకు ధర ప్రజలకు తెలియకూడదట!

ప్రపంచంలోనే సంపన్న యూనివర్సిటీ అయిన హార్వర్డ్ 2012లో చేతులెత్తేసింది. జర్నళ్ల ధరలు ఇక భరించలేమని దాని లైబ్రరీ సలహా మండలి తమ ప్రొఫెసర్లకే బహిరంగంగా చెప్పింది. హార్వర్డ్‌కే గతి లేకపోతే మన పాలమూరు యూనివర్సిటీ, శాతవాహన యూనివర్సిటీ ఎంత?

ఒక్కొక్కరుగా పోతే ఓడుడే

ఒక్కొక్క లైబ్రరీ విడివిడిగా పోయి కంపెనీ ముందు నిలబడితే బేరం ఉండదు. చెప్పిన ధరకు తల ఊపడమే. అందుకే లైబ్రరీలు కలిసి కొనడం మొదలుపెట్టాయి. దాన్నే కన్సార్టియం అంటారు. పెద్ద మాట గానీ అర్థం చిన్నదే. పది ఊర్లు కలిసి ఒక్క నోటితో మాట్లాడుడు.

మన దేశంలో ఐఐటీలు, సాంకేతిక సంస్థల కోసం ఇండెస్ట్ 2003లో వచ్చింది. యూనివర్సిటీల కోసం యూజీసీ-ఇన్ఫోనెట్ 2004లో నడక మొదలుపెట్టింది. తర్వాత కాలేజీల కోసం ఎన్‌-లిస్ట్ వచ్చింది. 2015లో ఈ మూడింటినీ కలిపి ఇ-శోధ్‌సింధు చేశారు. అయినా సీఎస్ఐఆర్ ల్యాబులకు ఒక బేరం, ఇంకో శాఖకు ఇంకో బేరం. ఒకే జర్నల్‌కు ఒకే సర్కారు పది కిటికీల దగ్గర పది సార్లు పైసలు కట్టింది.

2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు. దాదాపు 13 వేల జర్నళ్లు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల 6,300కు పైగా విద్యా, పరిశోధన సంస్థలు. సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతున్నది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఒక లెక్క వేద్దాం. ఏడాదికి 2,000 కోట్లు. 1.8 కోట్ల మందికి పంచితే తలకు ఏడాదికి సుమారు 1,100 రూపాయలు. మూడేళ్లకు 3,300. మన నల్లగొండ పిల్లగాన్ని ఒక్క వ్యాసానికి అడిగింది మూడున్నర వేలు. అంటే విడిగా ఒక్క వ్యాసం కొనే పైసలతో, కలిసి కొంటే మూడేళ్ల పాటు 13 వేల జర్నళ్లు వస్తున్నాయి. ఐకమత్యం బలమని బడిలో చదువుకున్న మాటకు ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

ఇది మంచి అడుగే. మంచిని మంచి అనాలి. ఇన్నాళ్లూ ఢిల్లీ ఐఐటీలో చదివేవానికి దొరికిన జర్నల్ ఇవాళ మన జిల్లాలోని సర్కారు డిగ్రీ కాలేజీలో చదివే ఆడపిల్లకూ దొరుకుతున్నది. అది చిన్న విషయం కాదు.

కలిసి కొనుడు అనేది మనకు ఢిల్లీ నేర్పిన విద్య కూడా కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు, 1904లో హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు, సర్కారు సాయం కోసం చూడలేదు. ఒక్కరు కొనలేని పుస్తకాన్ని నూరుమంది చందాలేసుకుని కొన్నారు. 1906లో హైదరాబాద్‌లోనే పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి ఇంకో అడుగు ముందుకేసింది. చదివేవాళ్ల చందాలతో తెలుగులో చరిత్ర, శాస్త్ర గ్రంథాలను తానే అచ్చేసింది. కలిసి కొనుడు మొదటి మెట్టు. కలిసి అచ్చేసుడు రెండో మెట్టు. నూట ఇరవై ఏండ్ల కిందట మన పెద్దలు ఆ రెండు మెట్లూ ఎక్కారు. మన పాలకులు ఇప్పటికి మొదటి మెట్టు మీద ఉన్నారు.

కౌలు ఎన్నేండ్లు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 6,000 కోట్లు పోసి మనం ఏం కొన్నాం? జర్నళ్లను కొనలేదు. మూడేళ్ల పాటు చదువుకునే అనుమతి కొన్నాం. అది సొంత భూమి కాదు, కౌలు భూమి. 2027 డిసెంబర్ 31తో ఈ గడువు తీరుతుంది. అప్పుడు మళ్లీ బేరం. కౌలుదారు ఎంత కష్టపడి దున్నినా భూమి దొరదే. వచ్చే ఏడు కౌలు పెంచుతానంటే ఏం చేస్తాం? ఇన్ని లక్షల మంది ఈ జర్నళ్లకు అలవాటు పడ్డంక, వద్దని లేచి వచ్చే దమ్ము సర్కారుకు ఉంటదా?

రెండో సంగతి. ఈ పొలంలోకి ఎవరిని రానిచ్చారు? మొదటి దశలో సర్కారు సంస్థలకే చోటు. మరి ప్రైవేటు కాలేజీల సంగతి? మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, ఫార్మసీ చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆధారపడి చదివే బీద పిల్లలు వాళ్లు. మల్టీస్పెషాలిటీ కాని చిన్న ఊరి డాక్టర్ సంగతేంది? పదవీ విరమణ చేసిన లెక్చరర్? భూగర్భ జలాల మీద రాసే విలేకరి? నీళ్ల లెక్కల మీద పుస్తకం రాయాలనుకునే ఇంజనీరు? వీళ్లెవరికీ చోటు లేదు.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. గుడిసె ఉన్నోడు కూడా కడుతున్నడు. ఆ సెస్సుతో నడవాల్సిన జిల్లా గ్రంథాలయంలో పొద్దున తొమ్మిదికి ముందే పోటీ పరీక్షల పిల్లలు వరుస కడతారు. అక్కడి కంప్యూటర్‌లో ఈ 13 వేల జర్నళ్లు ఎందుకు తెరుచుకోవు? కట్టేది అందరూ, చదివేది కొందరేనా?

ఇదంతా చదువుకున్నోళ్ల గొడవ, పేదోనికి ఏం సంబంధం అనుకునేవాళ్లు లైబీరియా కథ వినాలి.

2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా విరుచుకుపడింది. మూడు దేశాల్లో 11 వేల మందికి పైగా చనిపోయారు. లైబీరియాకు ఎబోలా వచ్చే ప్రమాదం లేదని అక్కడి వైద్యులు అప్పటిదాకా అనుకున్నారు. తీరా చూస్తే 1982లోనే ఒక యూరప్ జర్నల్‌లో అచ్చయిన వ్యాసం, లైబీరియాను కూడా ఎబోలా ప్రాంతంగానే లెక్కించాలని హెచ్చరించింది. నమూనాలు లైబీరియా ప్రజల నెత్తురివి. రాసినవాళ్లలో లైబీరియా మనిషి ఒక్కడూ లేడు. 2015 ఏప్రిల్‌లో ఆ దేశపు ముఖ్య వైద్యాధికారి బెర్నీస్ డాన్, సహచరులతో కలిసి ఈ సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. అటువంటి వ్యాసం ఒకటి కొనాలంటే 45 డాలర్లు, అక్కడి వైద్యుని సగం వారం జీతం అని లెక్క చెప్పారు.

ఆ ఒక్క వ్యాసం చదివితే ఎబోలా ఆగిపోయేదని ఎవరూ అనలేరు. కానీ ముందే తెలిస్తే ఆస్పత్రుల్లో చేతొడుగులైనా సిద్ధం చేసుకునేవారు, వచ్చిన జ్వరాన్ని మొదటి రోజే అనుమానించేవారు. ఎవరి నెత్తురు మీద పరిశోధన జరిగిందో వాళ్లకే ఆ పరిశోధన అందకపోతే అది ఎవరి కోసం? 1955లో నల్లగొండ బొక్కల మీద రాసిన వ్యాసం గురించి ఆ నాటి నల్లగొండ పల్లెకు తెలిసిందా? లైబీరియా మనకు అంత దూరమేం కాదు.

దొంగదారి దారి కాదు

మన స్కాలర్లలో చాలామంది గుట్టుగా ఒక పని చేస్తారు. సై-హబ్‌లో వెతుకుతారు. కజకిస్తాన్ యువతి అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో మొదలుపెట్టిన ఆ సైటు కోట్ల వ్యాసాలను ఉచితంగా పంచింది. దాని మీద ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకు పోయాయి. 2025 ఆగస్టులో ఆ సైటును మన దేశంలో ఆపేయాలని కోర్టు ఆదేశించింది.

ఆకలైనోడు రొట్టె తీసుకున్నడని నేను వాన్ని తిట్టను. కానీ దొంగదారిలో వచ్చేది హక్కు కాదు. ఒక్క కోర్టు కాగితంతో మూసుకుపోయేది దారి ఎట్లయితది? మనకు కావల్సింది దయ కాదు, చాటుమాటు కాదు. చట్టబద్ధమైన హక్కు.

ఆ హక్కు పేరే ఓపెన్ యాక్సెస్. బుడాపెస్ట్‌లో కలుసుకున్న కొందరు శాస్త్రవేత్తలు, లైబ్రేరియన్లు 2002లో ప్రకటన చేశారు. పరిశోధన వ్యాసాలు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా, అడ్డంకులు లేకుండా అందాలన్నారు. నాటి నుంచి అది ఉద్యమమైంది.

ఉద్యమం అంటే పోరాటం కూడా. జర్మనీలో దాదాపు 200 సంస్థలు ఎల్సెవియర్‌తో ఒప్పందాలను పొడిగించకుండా ఆపేశాయి. 2018 జులైలో కంపెనీ తాళం వేసింది. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. అయిదేండ్లు ఓర్చుకున్నారు. 2023లో తమ దేశపు వ్యాసాలు అందరికీ తెరిచే షరతుతో ఒప్పందం కుదిరింది. అమెరికాలో పది క్యాంపస్‌ల కాలిఫోర్నియా యూనివర్సిటీ 2019 ఫిబ్రవరిలో బేరం తెంచుకుంది. 2021 మార్చిలో కంపెనీ దిగి వచ్చింది. సమ్మె అంటే ఏందో మన ఉద్యోగులకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు. ఒక్క డిపో ఆగితే నోటీసు వస్తది. అన్ని డిపోలూ ఆగితే చర్చలకు పిలుపు వస్తది.

అయితే ఒక ఉచ్చు గురించి హెచ్చరిక చెయ్యాలె. ఓపెన్ యాక్సెస్ అన్నమాటను కంపెనీలు తమకు అనుకూలంగా తిప్పుకున్నాయి. "సరే, చదివేవాడు కట్టొద్దు, రాసేవాడు కట్టాలె" అన్నాయి. నేచర్ పత్రికలో ఒక వ్యాసాన్ని అందరికీ తెరిచి అచ్చెయ్యాలంటే 2021లో పెట్టిన ధర 9,500 యూరోలు. మన లెక్కలో ఎనిమిది లక్షలకు పైనే. ఒక స్కాలర్‌కు ఏడాది మొత్తం వచ్చే ఫెలోషిప్ కూడా అంత కాదు. ఇదివరకు చదవడానికి గేటు. ఇప్పుడు రాయడానికి గేటు. గేటు జరిగింది తప్ప దొర జరగలేదు. దీని నీడలోనే ఇంకో రోగం పెరిగింది. పైసలు కడితే వారంలో ఏదైనా అచ్చేసే దొంగ జర్నళ్లు. ప్రమోషన్ల కోసం వాటికి పైసలు కట్టిన అయ్యవార్లు మన మధ్య లేరా? ఆత్మవిమర్శ కూడా చేసుకోవాలె.

గొలుసుకట్టు చెరువుల లెక్క

మరి దారేది? దారి మన ఊర్లలోనే ఉన్నది. కాకతీయుల కాలం నుంచి మన దగ్గర గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. పై చెరువు అలుగు దుంకితే నీళ్లు కింది చెరువుకు పోతయి. ఏ చెరువూ ఇంకో చెరువు నీళ్లకు తాళం వెయ్యదు. విద్య కూడా అట్లనే పారాలె.

ప్రతి యూనివర్సిటీ, ప్రతి ల్యాబ్ తన పరిశోధనను దాచుకునే సొంత భాండాగారం పెట్టుకోవాలె. జర్నల్‌లో అచ్చుకు ఒప్పుకున్న వ్యాసం తుది ప్రతిని అందులో పెట్టాలె. అవన్నీ ఒకదానితో ఒకటి కలవాలె. ఇది కలలో మాట కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2009లోనే తన శాస్త్రవేత్తలకు ఈ నియమం పెట్టింది. మెట్ట పంటలు, కంది, శనగ, జొన్నల మీద దాని పరిశోధన లోకానికి అందుబాటులో ఉంది. అదే ఏడాది వచ్చిన యూజీసీ నిబంధనల తర్వాత పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో చేరడం మొదలైంది. నిన్నటిదాకా బీరువాల్లో చెదలు తిన్న గ్రంథాలు ఇవాళ లక్షల సంఖ్యలో అందరికీ తెరుచుకుంటున్నాయి.

కేంద్ర సైన్స్, బయోటెక్నాలజీ విభాగాలు 2014 డిసెంబర్‌లో ఓపెన్ యాక్సెస్ విధానం ప్రకటించాయి. మా పైసలతో చేసిన పరిశోధన భాండాగారంలో పెట్టాలని చెప్పాయి. చెప్పి ఊరుకున్నాయి. పెట్టనివాణ్ణి అడిగిన నాథుడు లేడు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ మాత్రం 2025 జులై 1 నుంచి తన నిధులతో చేసిన పరిశోధన అచ్చయిన రోజే ఉచితంగా అందాలని ఖరాఖండిగా చెప్పింది. పెట్టుబడిదారుల దేశమే ఆ మాట అనగా లేనిది మనకెందుకు చేత కాదు?

ఇంకో మెట్టు సొంత జర్నళ్లు. బ్రెజిల్ 1998లో సైఎలో అనే వేదికను మొదలుపెట్టింది. ప్రజాధనంతో తమ జర్నళ్లను తామే నడుపుకుని, లోకమంతటికీ ఉచితంగా ఇస్తున్నారు. లాటిన్ అమెరికా దేశాలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మన దగ్గర కరెంట్ సైన్స్ పత్రికను 1932 నుంచి నడుపుతున్నాం. ఉచితంగానే చదువుకోవచ్చు. అటువంటివి పది కాదు, నూరు కావాలె. కాకపోతే వాటి మీద హక్కు ప్రజలది కావాలె. ముంబైలో మెడ్‌నో అనే సంస్థ మన వైద్య జర్నళ్లను ఉచితంగా చదివే వీలు కల్పించి ఎంతో పేరు తెచ్చుకుంది. 2011లో దాన్ని వోల్టర్స్ క్లువర్ అనే విదేశీ కంపెనీ కొనుక్కుంది. చెరువు తవ్వితే సరిపోదు. పట్టా ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలె.

విద్యను పంచితే ఎంత దూరం పోతదో నల్లగొండకే తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో తయారు చేసింది. లోకం దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అంటుంది. టాంజానియా దాకా ఆ పేరు పోయింది. బాధ మనదైనా మందు అందరిదైంది. శాస్త్రం పనిచేయాల్సిన పద్ధతి అది.

ఏం అడగాలె?

2027 ముగిసేలోపు మనం నోరు తెరవాలె. అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయి.

ఒకటి, ఏ ప్రచురణ సంస్థకు ఎంత కడుతున్నరో లెక్క బయట పెట్టాలె. ప్రజల పైసలకు రహస్య ఒప్పందాలు ఉండవు. 

రెండు, వచ్చే ఒప్పందంలో చందా పైసలకు ఒక షరతు కట్టాలె. మన దేశపు శాస్త్రవేత్త రాసిన ప్రతి వ్యాసం తుది ప్రతి, అచ్చయిన రోజే ఉచిత భాండాగారంలోకి రావాలె. దానికి వేరే రుసుము అడగొద్దు. మూడేళ్లలో కొన్న సంచికలు గడువు తీరినంక కూడా మనకే ఉండాలె.

మూడు, ప్రైవేటు కాలేజీల పిల్లలకు, జిల్లా గ్రంథాలయాలకు వచ్చే పాఠకులకు తలుపు తెరవాలె. సెస్సు కట్టే ప్రతి మనిషికీ ఇది హక్కు.

నాలుగు, మన రాష్ట్ర యూనివర్సిటీలు కలిసి ఒక్క భాండాగారం పెట్టుకోవాలె. ఉస్మానియా, కాకతీయ నుంచి పాలమూరు, తెలంగాణ, మహాత్మాగాంధీ యూనివర్సిటీల దాకా. దీనికి కోట్లు అక్కర్లేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కావల్సింది సర్వర్, మనిషి, పట్టుదల. 

అయిదు, లైబ్రేరియన్ పోస్టులు నింపాలె. వేల జర్నళ్లకు తాళంచెవి ఇచ్చి, తలుపు ఎక్కడుందో చూపే మనిషిని పెట్టకపోతే ఏం లాభం? లైబ్రేరియన్ లేని కాలేజీలో ఆ జర్నళ్లు ఉన్నట్టు కూడా పిల్లలకు తెలియదు. ఇది నిరుద్యోగుల సమస్య కూడా.

ఇవన్నీ సర్కారు మీద నెట్టి మనం చేతులు కట్టుకుంటే కుదరదు. ప్రొఫెసర్ సాబ్, మీ వ్యాసం కాపీరైట్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి చదవండి. భాండాగారంలో పెట్టుకునే హక్కు చాలా జర్నళ్లు ఇస్తున్నాయి, వాడుకోండి. స్కాలర్ తమ్ముడూ, చెల్లె, మీకు వ్యాసం దొరక్కపోతే రాసినవాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. తమ ప్రతిని సంతోషంగా పంపేవాళ్లే ఎక్కువ. విద్యార్థి సంఘాలూ, హాస్టల్ సన్నబియ్యంతో పాటు లైబ్రరీ సన్నద్ధత మీద కూడా ఒక వినతిపత్రం ఇయ్యండి.

నీళ్ల వాటా అడిగినం. కొలువుల వాటా అడిగినం. మన పైసలతో, మన మనుషుల మీద, మన మట్టి మీద జరిగిన పరిశోధనలో వాటా అడగడానికి ఎందుకు మొహమాటం?

ఆ పిల్లగానికి ఆ వ్యాసం ఎట్లనో దొరికింది. రాసినాయనకే మెయిల్ పెట్టిండట, ఆయన రెండో రోజే పంపిండట. "గంత సులువుగ ఇచ్చేదానికి తాళమెందుకన్నా?" అని మళ్లీ అడిగిండు. నల్లగొండ బొక్కల మీద రాసిన వ్యాసం నల్లగొండ జిల్లా లైబ్రరీలో తెరుచుకునే రోజు రావాలె. అప్పుడు గానీ వానికి జవాబు చెప్పినట్టు కాదు.